చిన్న వాల్వు యాంప్లిఫయరు చవకగా వస్తే కొనవచ్చా?

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కెలవరపల్లి

గడచిన విద్యా సంవత్సరంలో ఉపకార వేతనాల దరఖాస్తులు సరిచూసే పనిని మన ట్రస్టు వారు నాకు అప్పగించారు. ముప్ఫై ఆరేళ్లు బ్యాంకులో లెడ్జర్లు సరిచూసినవాడిని కనుక ఇది నాకు అలవాటైన పనే. దరఖాస్తు చివర "ఈ మొత్తమును దేనికి వినియోగించెదరు?" అని ఒక గడి ఉంటుంది. అందరూ ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు అని రాస్తారు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయి మాత్రం అవన్నీ రాసి, వాటి కింద చిన్న అక్షరాలతో "గిటారుకు వాల్వు యాంప్లిఫయరు, పాతది, రూ. 14,000" అని చేర్చాడు. మనం ఇచ్చేది 12,000 రూపాయలు.

తోటి సభ్యులు నవ్వారు. నేను నవ్వలేదు కాని కొట్టివేద్దామనే అనుకున్నాను. రెండు రోజుల తరువాత ఆ అబ్బాయి తల్లి మా ఇంటికి వచ్చింది. డ్యాము కాలువ పక్క గులాబీ తోటలో కూలికి పోయే మనిషి. "అన్నా, వానికి అబద్ధం రాయడం చేతకాక రాసినాడు. ఆ డబ్బా కొనదగినదా కాదా నువ్వే చూసి చెప్పు. కారణం చెప్పి వద్దంటే వింటాడు. ఊరికే వద్దంటే వినడు" అన్నది. ఆమె మాటలో న్యాయం కనిపించింది. నాకు సంగీతం రాదు. లెక్క వచ్చు. తెలియని సంగతులు తెలిసినవారిని అడిగి, బెంగళూరు దాకా పోయి ఆ డబ్బాను చూసి వచ్చాను. మన పిల్లల్లో గిటారు నేర్చుకునేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు కనుక, నేను తెలుసుకున్నది అందరికీ ఉపయోగపడుతుందని సంపాదకులు రాయమన్నారు.

వాల్వు అంటే ఏమిటో నా వయసు వారికి చెప్పనవసరం లేదు. 1970లలో మా ఊళ్లో పెళ్లయినా, హోసూరు చంద్రచూడేశ్వర స్వామి తేరయినా మైకు సెట్టు వచ్చేది. ఆ మైకు సెట్టులో గాజు బుడ్లు ఉండేవి. స్విచ్చి వేయగానే పాట వచ్చేది కాదు. బుడ్లలో తీగ ఎర్రగా కాలి, వేడెక్కిన తరువాతే హారను పలికేది. పిల్లలం తొందరపడితే మైకు సెట్టాయన "కాగనీండప్పా" అనేవాడు, పాలు కాగినట్టు. ఇంట్లో రేడియో కూడా అంతే. దానికి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టేవాళ్లమని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాను. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక తీగను వేడి చేస్తే దానికి చుట్టూ ఉన్న గొట్టం నుండి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఎదురుగా ఉన్న లోహపు రేకుకు ఎక్కువ వోల్టేజి ఇస్తే అవి దాని వైపు పరుగెడతాయి. మధ్యలో ఒక సన్నని జల్లెడ పెట్టి, ఆ జల్లెడ మీద చిన్న వోల్టేజి మార్చితే పెద్ద ప్రవాహం మారుతుంది. కాలువకు మదుగు ఉన్నట్టు. మనిషి చేతి బలంతో తిప్పే మదుగు ఒక చెరువు నీళ్లను నడిపిస్తుంది కదా, అలాగే గిటారు నుండి వచ్చే అతి చిన్న సంకేతం పెద్ద కరెంటును నడిపిస్తుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు భాగాల వాల్వు చేశాడు, 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ జల్లెడ చేర్చాడు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టాక వాల్వు నెమ్మదిగా రేడియోల నుండి, మైకు సెట్ల నుండి తప్పుకుంది.

మరి గిటారు వాళ్లు దీన్ని ఎందుకు వదలలేదు? ఈ ప్రశ్నే ఆ అబ్బాయిని అడిగాను. "తాతా, గట్టిగా మీటితే ఒక రకంగా, మెల్లగా మీటితే ఇంకో రకంగా పలుకుతుంది. నా చేతి మాట వింటుంది" అన్నాడు. ఇది పిల్లల పిచ్చి మాట కాదని తరువాత తెలిసింది. ఏ యాంప్లిఫయరుకైనా ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటితే ధ్వని తరంగం కొసలు నలుగుతాయి. మామూలు ట్రాన్సిస్టరు యాంప్లిఫయరులో ఆ కొస కొడవలితో కోసినట్టు ఒక్కసారిగా తెగుతుంది, చెవికి గరగర వినిపిస్తుంది. ఒకే పవర్ వాల్వు ఉన్న చిన్న యాంప్లిఫయరులో అది మెల్లమెల్లగా గుండ్రబడుతుంది. అప్పుడు అసలు స్వరంతో పాటు దానికి రెట్టింపు కంపనం గల స్వరం కలుస్తుంది. అంటే షడ్జం మీటితే పై స్థాయి షడ్జం కలిసినట్టు. మూడు రెట్ల కంపనం కలిస్తే అది పై స్థాయి పంచమం. అందుకే ఆ నలుగుడు కూడా శ్రుతిలో ఉన్నట్టు తోస్తుంది. పాటలు వినే స్టీరియోలో ఇది లోపం. గిటారులో ఇది వాద్యంలో ఒక భాగం.

ఐదు వాట్ల చిన్న పెట్టెలు కొత్తవేమీ కాదు. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1940ల చివరి నుండి నేర్చుకునే పిల్లల కోసమే చాంప్ అనే చిన్న పెట్టెను అమ్మింది. 6వి6 అనే ఒకే ఒక పవర్ వాల్వు, చిన్న స్పీకరు. అయితే పెద్ద వాయిద్యకారులు స్టూడియోలో దాని ముందు మైకు పెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టారు. 1970లో ఎరిక్ క్లాప్టన్ లైలా ఆల్బంకు ఇలాంటి చిన్న పెట్టెనే వాడాడని ప్రసిద్ధి. 2000లలో చైనాలో తయారీ మొదలయ్యాక ఇటువంటివి బాగా చవకయ్యాయి. ఎపిఫోన్ వాల్వ్ జూనియర్ అందులో పేరు పొందినది: ఒక 12ఎఎక్స్7 వాల్వు, ఒక ఈఎల్84 వాల్వు, వాల్యూముకు ఒకే ఒక మర, ఐదు వాట్లు. అదే రోజుల్లో ఆరు అంగుళాల స్పీకరుతో ఫెండర్ చాంపియన్ 600 మళ్లీ వచ్చింది. తరువాత వాక్స్ ఏసీ4టీవీ, బుగేరా వి5 వచ్చాయి. వీటిలో కొన్ని ఇప్పుడు తయారు కావడం లేదు కనుక పాతవే దొరుకుతాయి. పాతది అన్నప్పుడే జాగ్రత్త కావాలి.

ఒక ఆదివారం ఉదయం నేను, ఆ అబ్బాయి, రేడియో మరమ్మతులు చేసి పేరు తెచ్చుకున్న నా పాత స్నేహితుడు ముగ్గురం బస్సెక్కి బెంగళూరు పోయాము. అమ్మే మనిషి కంప్యూటరు ఉద్యోగి. మంచివాడే, కాఫీ ఇచ్చాడు. పెట్టె ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. ఐదు వాట్లు, ఒక ఈఎల్84, ఎనిమిది అంగుళాల స్పీకరు.

నా స్నేహితుడు ముందు గిటారు తగిలించనివ్వలేదు. స్విచ్చి వేసి, మర సున్నా మీద పెట్టి, రెండు నిమిషాలు ఊరికే కూర్చోమన్నాడు. గిటారు లేకుండానే "హమ్" అని ఎంత మోగుతుందో వినాలట. చవక పెట్టెల్లో ఇదే మొదటి జబ్బు. కొద్దిగా మోగడం సహజం. గదిలో అవతలి మూలకు వినిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివయ్యాయనో, వైరింగు సరిగా లేదనో అర్థం. తరువాత మరను నెమ్మదిగా చివరి దాకా తిప్పాడు. మధ్యలో గరగరమంటే మర అరిగింది. పెన్సిలు కొసతో చిన్న వాల్వును సుతారంగా తట్టాడు. తట్టిన చప్పుడు స్పీకరులో గంటలా మోగితే ఆ వాల్వు పాడయినట్టు. వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతున్నదేమో చూశాడు. కింద మెరిసే చిన్న తీగ కాదు, చుట్టూ ఉన్న బూడిద రంగు రేకు. అది ఎర్రబడితే వెంటనే ఆపేయాలి. చివరగా ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. మైనం, తారు కాలిన వాసన వస్తే ట్రాన్స్‌ఫార్మరు ఒకసారి కాలి ఉంటుంది.

ఆ రోజు హమ్ కొంచెం ఎక్కువే ఉంది గాని తక్కిన పరీక్షలు గట్టెక్కింది. అప్పుడు అబ్బాయి గిటారు తగిలించాడు. నిజం చెప్పాలంటే నాకు నిరాశ కలిగింది. డబ్బా రేడియోలా వినిపించింది. అబ్బాయి ముఖం కూడా వాడిపోయింది. అమ్మే మనిషి పెట్టెను ఆపి, లోపలి స్పీకరు తీగ తప్పించి, పక్కనున్న పన్నెండు అంగుళాల పెద్ద స్పీకరు పెట్టెకు తగిలించి మళ్లీ వేశాడు. యాంప్లిఫయరు అదే, వాల్వులు అవే. ఈసారి గది నిండిపోయింది. సంగీతం రాని నాకు కూడా తేడా తెలిసింది. అబ్బాయి ఒక్క తీగను మీటి, అది సన్నగిల్లి ఆగిపోయే దాకా చేయి కదపలేదు.

ఈ తేడాను ఇంటికి వచ్చాక లెక్క వేసి చూశాను. విద్యార్థులు దీన్ని శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే దుకాణాల్లో వాట్లు చూపించే ఎక్కువగా మోసపుచ్చుతారు. ధ్వని పెరగడం కూడికలా ఉండదు. కరెంటు బలం పది రెట్లయితే పది డెసిబెల్లు పెరుగుతుంది, చెవికి అది సుమారు రెండింతలుగా తోస్తుంది. అంటే 50 వాట్ల పెట్టె 5 వాట్ల పెట్టె కంటే పది రెట్లు కాదు, రెండు రెట్లే గట్టిగా వినిపిస్తుంది. స్పీకరుకు కూడా ఒక సంఖ్య ఉంటుంది: ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు అని. చిన్న చవక స్పీకరుకు 90 అనుకోండి, మంచి పన్నెండు అంగుళాల దానికి 97 అనుకోండి. ఐదు వాట్లకు మరో ఏడు డెసిబెల్లు కలుస్తాయి. మొదటిది 97, రెండోది 104. ఆ ఏడు డెసిబెల్ల తేడాను చిన్న స్పీకరుతోనే రాబట్టాలంటే 25 వాట్లు కావాలి. కనుక చిన్న పెట్టెలో డబ్బు పెట్టవలసిన మొదటి చోటు వాల్వు కాదు, స్పీకరు.

ఇదే లెక్క ఇంకో వైపు నుండి తల్లిదండ్రులకు కూడా కావాలి. "ఐదు వాట్లే కదా, ఇంట్లోకి బాగుంటుంది" అని అమ్మేవారు చెబుతారు. మంచి స్పీకరుతో పావు వాటు కూడా ఒక మీటరు దూరంలో 91 డెసిబెల్లు అవుతుంది. మనం మాట్లాడుకునేది 60 దగ్గర. వాల్వు తన గుణం చూపించేది మరను బాగా తిప్పినప్పుడే, అంటే గట్టిగా మోగినప్పుడే. మెల్లగా వాయిస్తే దానికీ చవక ట్రాన్సిస్టరు పెట్టెకూ అంత తేడా తెలియదు. ఇది చాలామంది కొన్న తరువాత తెలుసుకునే సంగతి. మన ఊళ్లలో లైను ఇళ్లు, ఒకే గోడకు రెండు సంసారాలు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి అంటే పది నుండి ఉదయం ఆరు వరకు. నియమం సంగతి అటుంచినా, పక్క ఇంట్లో ప్లస్ టూ పరీక్షకు చదివే పిల్ల ఉంటే ఏమి చేస్తారు? వాక్స్ ఏసీ4టీవీలో పావు వాటుకు, బుగేరా వి5లో వాటులో పదో వంతుకు తగ్గించే స్విచ్చి ఉన్నది. అటువంటి స్విచ్చి, హెడ్‌ఫోను రంధ్రం ఉన్నవాటికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఒకే మర ఉన్న పెట్టెల్లో ఈ రెండూ సాధారణంగా ఉండవు.

చెవి గురించి ఒక్క మాట. 85 డెసిబెల్లను రోజుకు ఎనిమిది గంటల కంటే ఎక్కువ వినకూడదంటారు. ప్రతి మూడు డెసిబెల్లకు ఆ కాలం సగమవుతుంది. వంద దగ్గరకు వచ్చేసరికి పదిహేను నిమిషాలే. పిల్లలు పెట్టెను మంచం పక్కన పెట్టుకుని దాని ముందే కూర్చుంటారు. రెండు మూడు మీటర్లు దూరంగా కూర్చోమనండి.

అమ్మే మనిషికి డబ్బు ఇవ్వబోయే ముందు నా స్నేహితుడు పెట్టెను వెనక్కి తిప్పాడు. అక్కడ చిన్న రేకు మీద "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని ఉన్నది. అమెరికా నుండి తెచ్చిన పెట్టె. గోడకు దానికి మధ్య బల్ల కింద ఒక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది, మేము అంతదాకా గమనించలేదు. 14,000కే ఎందుకు ఇస్తున్నాడో అప్పుడు అర్థమయింది. ఆయన దాచాలని దాచలేదు. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

మన దేశంలో ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 120 వోల్టుల పెట్టెను నేరుగా మన గోడకు తగిలిస్తే ఫ్యూజు పోతే అదృష్టం, లేదా ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. మధ్యలో స్టెప్ డౌన్ పెట్టినా వోల్టేజి తగ్గుతుంది గాని 50 హెర్ట్జ్ 60 కాదు. కేవలం 60కి కట్టిన ట్రాన్స్‌ఫార్మరు 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. ఇనుము ఎక్కువ వేసి కట్టినది తట్టుకుంటుంది, పిసినారితనంగా కట్టినది తట్టుకోదు. చవక పెట్టెలో పిసినారితనం చేసేది సరిగ్గా అక్కడే.

ట్రాన్స్‌ఫార్మరు విషయంలో నాకు సొంత అనుభవం ఉంది. 1989లో వేరే ఊరికి బదిలీ మీద పోయినప్పుడు పాత వాల్వు రేడియోగ్రాం ఒకటి చవకగా వచ్చిందని కొన్నాను. నెల తిరగకుండా పొగ వచ్చింది. మళ్లీ చుట్టించడానికి అడిగిన కూలి నేను కొన్న ధర కంటే ఎక్కువ. మా ఇంట్లో అది మూడేళ్లు పూలకుండీ పెట్టుకునే బల్లగా పనికి వచ్చింది. కనుక పెట్టెను చేత్తో ఎత్తి చూడండి. అదే పరిమాణంలో ఉన్న రెండింటిలో బరువైనదానిలో సాధారణంగా ఇనుము, రాగి ఎక్కువ ఉంటాయి. తక్కువ స్వరాలు నిండుగా పలకడానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులోని ఆ ఇనుమే కారణం.

మన ఊళ్ల కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. సాయంత్రం మోటార్లు ఆడితే వోల్టేజి దిగుతుంది, తెల్లవారుజామున ఎక్కుతుంది. వాల్వు తీగకు 6.3 వోల్టులు కావాలి. గోడ దగ్గర పది శాతం ఎక్కితే అక్కడా పది శాతం ఎక్కుతుంది, వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. చౌకరకం ఇన్వర్టరు మీద పెడితే బర్రుమంటుంది. కరెంటు బిల్లుకు మాత్రం భయపడనవసరం లేదు. పెట్టె మొత్తం నలభై వాట్లు తిన్నదనుకున్నా, రోజుకు రెండు గంటలు వాయిస్తే నెలకు రెండున్నర యూనిట్లు దాటదు. తమాషా ఏమంటే, ఈఎల్84 తీగను వేడి చేయడానికే 6.3 వోల్టుల దగ్గర 0.76 ఆంపియరు, అంటే దాదాపు 4.8 వాట్లు పోతుంది. బయటికి వచ్చే ధ్వనికి ఎంతో, లోపలి దీపానికీ అంత.

ఇక్కడ తల్లిదండ్రులు గట్టిగా ఉండవలసిన విషయం ఒకటి ఉంది. ఈ పెట్టె లోపల మూడు వందల వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. ట్రాన్సిస్టరు రేడియో విప్పినట్టు దీన్ని విప్పితే ప్రాణానికే ముప్పు. తెలిసినవారు తప్ప పిల్లలు వెనుక మూత తీయకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, మూడో పిన్నుకు నిజంగా ఎర్తు ఉండాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాలు ఉంటాయి గాని మూడో దానికి తీగ ఉండదు. గిటారు తీగలు లోహం, అవి చేతిలో ఉంటాయి. పెట్టె కొనే ముందు ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు చూపించండి. పాతకాలపు రెండు పిన్నుల పెట్టె అయితే మూడు పిన్నులకు మార్పించకుండా వాడవద్దు. ఇంకొకటి, స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయరును వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. స్పీకరు మార్చినప్పుడు 4, 8, 16 ఓములు సరిపోల్చాలి, మార్చే ముందు ఆపాలి.

వాల్వులు దొరుకుతాయా అని అబ్బాయి తల్లి అడిగింది. మంచి ప్రశ్న. మన పక్కనే బెంగళూరులో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960లలో రేడియో వాల్వులు చేసేది. మా ఇంటి రేడియోలోనూ "బెల్" అని రాసిన బుడ్లే ఉండేవి. ఇప్పుడవి తయారు కావు, పాత సరుకుగా అక్కడక్కడ అమ్ముతారు. కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనాల నుండి వస్తాయి. 2022 మార్చిలో రష్యా ఎగుమతి ఆపినప్పుడు కొన్నాళ్లు వీటికి కటకట ఏర్పడింది. పేర్లతో తికమక పడకండి: అమెరికా వాళ్ల 12ఎఎక్స్7, ఐరోపా వాళ్ల ఈసీసీ83 ఒకటే. ఈఎల్84నే 6బీక్యూ5 అంటారు. రోజూ గట్టిగా వాయించేవారికి పవర్ వాల్వు ఒకటి రెండేళ్లు వస్తుంది, చిన్న వాల్వు ఎక్కువ కాలం వస్తుంది. ఒకే పవర్ వాల్వు ఉన్న ఈ చిన్న పెట్టెల్లో సాధారణంగా పాతది తీసి కొత్తది పెడితే చాలు, పెద్ద యాంప్లిఫయర్లలో లాగా మెకానికు సర్దవలసిన పని ఉండదు. వీటి మేలు గుణాల్లో ఇది ఒకటి.

"వాల్వు" అని రాసి ఉన్నదంతా వాల్వు కాదు. కొన్నింటిలో ముందు భాగానికి ఒక్క 12ఎఎక్స్7 పెట్టి, స్పీకరును నడిపే పని ట్రాన్సిస్టర్లకు అప్పగిస్తారు. అవి చెడ్డవి అనలేము గాని, పవర్ వాల్వు నలిగే ఆ పలుకు వాటిలో రాదు. వెనుక నుండి చూసి ఎన్ని బుడ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదా అని అడగండి.

బస్సులో తిరిగి వస్తూ అబ్బాయి నోటు పుస్తకంలో లెక్క రాయించాను. పెట్టె 14,000. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు 1,800. ఒక జత వాల్వులు విడిగా 3,500. వాడిన పెద్ద స్పీకరు పెట్టె 6,000. హమ్ తగ్గించడానికి మెకానికు కూలి 800. మొత్తం 26,100. ఇవి ఆ నెలలో మేము విచారించిన ధరలు, మీ ఊళ్లో వేరుగా ఉండవచ్చు. చవక అనుకున్నది దాదాపు రెండింతలయింది. స్పీకరు వద్దనుకుంటే కొన్న ఫలితం లేదు, స్టెప్ డౌన్ వద్దనుకుంటే పెట్టే లేదు. బ్యాంకులో లోను ఇచ్చేటప్పుడు బండి ధర ఒక్కటే చూసి ఇస్తామా? టైరు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను అన్నీ చూస్తాము. అబ్బాయి ఆ మొత్తం కింద రెండు గీతలు గీసి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వద్దు అని నేను అనలేదు, అనవలసిన పని పడలేదు.

నా అభిప్రాయం అడిగితే ఇలా చెబుతాను. నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు కాని పిల్లలకు హెడ్‌ఫోను ఉన్న చిన్న ట్రాన్సిస్టరు పెట్టె చాలు. మిగిలిన డబ్బుతో గిటారుకు మంచి తీగలు, ఒక మంచి గురువు. చేయి కుదిరినవారికి, గట్టిగా వాయించుకోవడానికి చోటు ఉన్నవారికి, 230 వోల్టులకు కట్టిన, ఎర్తు ఉన్న, బయటి స్పీకరు తగిలించే వీలున్న సాదా పెట్టె న్యాయమైన ధరకు వస్తే తప్పకుండా కొనదగినదే. పెద్ద డ్రమ్ముల పక్కన శుభ్రమైన పలుకు కావాలంటే ఐదు వాట్లు చాలవు, మైకు పెట్టవలసిందే. ఉపకార వేతనంతో మాత్రం కొనకూడదు. ఆ డబ్బు ఫీజు పేరు మీద దాతలు ఇచ్చినది. ఇది గిటారు మీద కోపం కాదు, ఖాతా వేరు.

ఆ సంవత్సరం డబ్బు ఫీజుకే పోయింది. అబ్బాయి నా స్నేహితుని దగ్గర ఆదివారాలు పని నేర్చుకుంటూ, పెళ్లిళ్లకు మైకు సెట్టు వెంట పోయి కొంత కూడబెట్టాడు. పోయిన సంక్రాంతి తరువాత 230 వోల్టుల పాత పెట్టె ఒకటి, దానికి పది అంగుళాల స్పీకరు, తన డబ్బుతో కొన్నాడు. గోడ దగ్గర ఎర్తు తీగ కొత్తగా వేయించాక గాని ప్లగ్గు పెట్టలేదని వాళ్లమ్మ చెప్పింది. ఒక సాయంత్రం పోయి చూశాను. వాల్యూము మర పక్కన తెల్లని ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద పెన్నుతో గీత గీసి ఉన్నది. ఏమిటిదని అడిగాను. పక్కింటి వాళ్లను పిలిచి, వాళ్లు సరే అన్న చోట గీసిన గీతట. ఆరు నుండి ఏడు దాకా ఆ గీత వరకు తిప్పుతాడు. ఏడు కొట్టగానే ఆ ఇంటి పిల్ల చదువుకు కూర్చుంటుంది.